పరుగుకు కొలమానం

కొన్నేళ్ల క్రిందట హనుమకొండలోని ఒక పాఠశాల వార్షిక క్రీడోత్సవానికి నన్ను అతిథిగా పిలిచారు. అది మాఘమాసమే అయినా పది గంటలకే మైదానంలోని మొరం నేల కాగిపోయింది. సున్నంతో గీసిన గీతల మధ్య బాలుర 400 మీటర్ల పరుగుపందెం మొదలైంది. పదకొండుమంది పిల్లలు బయలుదేరారు. ముగ్గురు ముందుగా గీత దాటారు. చప్పట్లు మోగాయి, కాగితంమీద మూడు పేర్లు ఎక్కాయి. మిగిలినవారు ఒకరి వెనుక ఒకరు వస్తూ ఉండగానే మైకులో తరువాతి పోటీకి పిలుపు వినిపించింది. అందరికంటే వెనుక ఒక బక్కపలచని బాలుడు చెప్పులు లేని కాళ్లతో, ఎక్కడా ఆగకుండా, ఒక్క అడుగైనా నడవకుండా పరుగెత్తి వచ్చి గీత దాటాడు. దాటిన తరువాత కూలబడలేదు. రొప్పుతూనే వ్యాయామోపాధ్యాయుని దగ్గరకు వెళ్లి అడిగాడు.

"సార్, నాకెంత టైమొచ్చింది?"

"నీకు టైమెందుకు రా? మూడో పిలగాడు రాంగనే వాచీ ఆపిన."

ఆ ఉపాధ్యాయుడు కఠినుడు కాడు. ఆ ఉదయం నుండి ఆయన ఒక్కడే గీతలు గీయించి, పిల్లలను వరుసలలో నిలిపి, ఈల ఊది, గాయపడినవారికి మందు రాసి, పేర్లు నమోదు చేస్తున్నాడు. మూడు బహుమతులు ఉన్న పోటీలో మూడు కాలాలు చాలునని ఆయన అనుకోవడంలో తప్పు పట్టడానికి లేదు. మనమందరం అలాగే అనుకుంటాం. కాని ఆ బాలుడు అడిగిన ప్రశ్న మాత్రం చాలాకాలం నన్ను విడిచిపెట్టలేదు. తాను ఎన్నవవాడో అతడికి తెలుసు. తన ముందు పదిమంది వీపులను చూస్తూ వచ్చినవాడికి అది వేరొకరు చెప్పవలసిన విషయం కాదు. అతడు తన స్థానాన్ని అడగలేదు, తన పరుగును గురించి అడిగాడు. నిన్నటికంటె ఈనాడు బాగా పరుగెత్తానా అని తెలుసుకోదలచాడు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగల పరికరం ఉపాధ్యాయుని చేతిలోనే ఉన్నది. దానిని ఆయన ఆపివేశాడు.

క్రీడలలో సాఫల్యాన్ని దేనితో కొలవాలి? గెలుపుతోనా? శ్రమతోనా? ఆడినప్పుడు కలిగిన ఆనందంతోనా? గెలుపే కొలమానమని లోకం ఏనాడో తీర్మానించుకొన్నది. ఆ తీర్మానం అసంపూర్ణమని నా అభిప్రాయం. పైగా అది అధికసంఖ్యాకులైన బాలబాలికలను మైదానానికి దూరం చేస్తున్నదని కూడా నేను భావిస్తున్నాను.

మన భాషలో 'ఆట' అనే మాట ఒక్క పోటీకి పరిమితమైనది కాదు. నాట్యం చేసినా ఆటే, బంతితో ఆడినా ఆటే, పిల్లలు గుజ్జనగూళ్లు వండుకొన్నా ఆటే. 'పందెం' అనే మాట వేరు. అందులో ఒడ్డిన సొమ్ము ఉంటుంది, ఓడినవాడి నష్టం ఉంటుంది. ఈ రెండూ ఓరుగల్లుకు కొత్తవి కావు. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో ఇద్దరు మిత్రులు ఓరుగంటి వీథులలో తిరుగుతూ కోడిపందేన్ని, పొట్టేళ్ల పోరును చూస్తారు. ఆనాటి నగరం ఆ వినోదాలలో ఎంతగా మునిగి ఉండేదో ఆ కావ్యం చదివితే తెలుస్తుంది. కోడిపందెంలో శ్రమను గూర్చి ఎవరూ మాట్లాడరు. ఓడిన కోడి శ్రమపడలేదని కాదు. దానిమీద సొమ్ము ఒడ్డినవాడికి ఆ శ్రమతో పనిలేదు. నేడు మన పిల్లల ఆటలను చూస్తున్నప్పుడు మనం ఆటను చూస్తున్నామా, పందేన్ని చూస్తున్నామా అని నాకు అప్పుడప్పుడు అనుమానం కలుగుతుంది.

చెడుగుడు ఆటను ఒకసారి గుర్తు చేసుకోండి. కూత పెట్టి వెళ్లినవాడు పట్టుబడితే 'చచ్చాడు' అంటాం. అతడు గీత బయట కూర్చుంటాడు. కొంతసేపటికి అతని జట్టువాడు ఎదుటివారిలో ఒకరిని తాకి వస్తే బయట కూర్చున్నవాడు 'బతికి' మళ్లీ లోపలికి వస్తాడు. ఓడినవాడిని ఇంటికి పంపివేయకుండా తిరిగి ఆటలోకి తీసుకొనే ఏర్పాటు ఇది. దీనిని చేసిన పల్లెటూరి పెద్దలు ఎవరో మనకు తెలియదు. నేడు అంతర్జాతీయ కబడ్డీ నియమాలలో కూడా ఈ పద్ధతి ఉన్నది. ఒక్క ఓటమితో ఆట ముగియరాదనే జ్ఞానం మన మట్టిలో ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఇక వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ గ్రామాన్ని గురించి చెప్పాలి. ఆ చిన్న గ్రామం దేశానికి ఇద్దరు క్రీడాకారిణులను ఇచ్చింది. వారిలో రెండవ ఆమె జీవాంజి దీప్తి. ఆమె తల్లిదండ్రులు కూలిపని చేసి బతికినవారు. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉన్న ఆ బాలికను ఊరివారు ఎన్నో మాటలన్నారు. పిచ్చిదన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలివేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. వారు ఆ సలహా వినలేదు. కుటుంబ అవసరాలకు ఉన్న కొద్దిపాటి భూమిని అమ్ముకొన్నారు గాని బిడ్డను వదులుకోలేదు. ఊరి బడిలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె పరుగును గమనించాడు. తరువాత శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాదుకు రప్పించి తర్ఫీదు ఇచ్చాడు. మొదట్లో హైదరాబాదుకు బస్సు ఛార్జీలు కూడా ఆ కుటుంబానికి భారమేనట!

దీప్తి పరుగెత్తే 400 మీటర్ల పోటీ అంటే మైదానం చుట్టూ ఒక పూర్తి చుట్టు. చూసేవారికి అది ఒక్క నిమిషం లోపల ముగిసిపోయే వ్యవహారం. పరుగెత్తేవారికి అది వేరు. మొదటి రెండు వందల మీటర్లు ఉత్సాహం మోసుకొని పోతుంది. మూడవ వందలో కాళ్లు బరువెక్కుతాయి. చివరి వంద మీటర్లలో శరీరం ఆగిపొమ్మని మొరపెట్టుకొంటుంది. ఎంత వేగాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎంత దాచుకోవాలో ఎరిగిన వారికే ఈ పరుగు లొంగుతుంది. ఆ లెక్కను శరీరానికి నేర్పడానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు ఆమె పరుగులను కొంచెం జాగ్రత్తగా పరిశీలిద్దాం. 2022లో జరగవలసి 2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా పారా క్రీడలలో టీ-20 విభాగంలో ఆమె 56.69 సెకన్లలో పరుగు పూర్తి చేసి స్వర్ణపతకం పొందింది. 2024 మే 20న జపానులోని కోబె నగరంలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 55.07 సెకన్లలో పరుగెత్తి స్వర్ణంతో పాటు ప్రపంచ రికార్డును కూడా సాధించింది. అంతకుముందు అమెరికా క్రీడాకారిణి పేరిట ఉన్న రికార్డు 55.12 సెకన్లు. అదే సంవత్సరం సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ తుదిపోటీలో ఆమె 55.82 సెకన్లలో గీత దాటింది. అప్పుడు ఆమెకు మూడవ స్థానం, కాంస్యపతకం లభించాయి. ఉక్రెయిన్ క్రీడాకారిణి మొదటి స్థానంలోను, తుర్కియే క్రీడాకారిణి రెండవ స్థానంలోను నిలిచారు. ఆ తుర్కియే యువతి అంతకుముందు ప్రాథమిక పోటీలోనే 54.96 సెకన్లలో పరుగెత్తి దీప్తి ప్రపంచ రికార్డును అధిగమించింది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. హాంగ్‌ఝౌలో 56.69 సెకన్లకు స్వర్ణం వచ్చింది. పారిస్‌లో 55.82 సెకన్లకు కాంస్యం వచ్చింది. అంటే ఆమెకు కాంస్యాన్ని ఇచ్చిన పరుగు, స్వర్ణాన్ని ఇచ్చిన పరుగుకంటె 0.87 సెకన్లు వేగవంతమైనది. ఒక ఏడాదిలోపున ఆమె మెరుగుపడింది. పతకం రంగు మాత్రం తగ్గింది. పతకాన్ని బట్టి కొలిస్తే ఆమె వెనుకబడినట్టు. పరుగును బట్టి కొలిస్తే ముందుకు వెళ్లినట్టు. ఈ రెండింటిలో ఏది ఆమెకు సంబంధించిన సత్యం? పతకం రంగును నిర్ణయించడంలో పక్క వరుసలో ఎవరున్నారు, వారు ఆనాడు ఎలా పరుగెత్తారు అన్న విషయాలకు కూడా పాలు ఉన్నది. అవి ఆమె చేతిలో లేనివి. ఆమె చేతిలో ఉన్నది తన పరుగు ఒక్కటే. కోబెతో పోల్చినప్పుడు పారిస్‌లో ఆమె ముప్పాతిక సెకను వెనుకబడిందన్నది నిజమే. దానిని దాచవలసిన అవసరం లేదు. ఆ ముప్పాతిక సెకనును గురించి ఆమె, ఆమె శిక్షకుడు ఆలోచించుకోవాలి. కొలమానం నిజాయితీగా ఉండటమంటే అదే. అది పొగడ్తకు, తెగడ్తకు లొంగదు.

2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో దీప్తి రజతం గెలుచుకొన్నది. స్వర్ణం, కాంస్యం, రజతం - మూడు రంగులూ ఆమెకు పరిచయమే. మేధోపరమైన వైకల్యం గల క్రీడాకారుల విభాగంలో పారాలింపిక్స్ పతకం సాధించిన తొలి భారతీయురాలు ఆమె. అర్జున పురస్కారం కూడా ఆమెకు లభించింది.

ఇక్కడ మన పత్రికల భాషను గురించి ఒక మాట. మన క్రీడాపుటలలో రజతం వచ్చినవారు 'రజతంతో సరిపెట్టుకొన్నారు' అని రాస్తారు. నాలుగవ స్థానంలో వచ్చినవారు 'పతకాన్ని చేజార్చుకొన్నారు'. ముందుగా ఓడినవారు 'ఇంటిముఖం పట్టారు'. ఇన్ని కోట్లమంది ఉన్న లోకంలో రెండవవాడిగా నిలిచినవాడు సరిపెట్టుకోవడమేమిటి? పండుగకు పట్టుచీర కొనలేక నేతచీరతో సరిపెట్టుకొన్నట్టు! రాసేవారికి దురుద్దేశం ఉండదు. అది అలవాటుపడిన పలుకుబడి. కాని ప్రతిరోజూ ఆ మాటలే చదివే పిల్లవాడి మనస్సులో మొదటి స్థానం తప్ప మిగిలినవన్నీ లోటుగానే నాటుకొంటాయి.

కల్లెడ గ్రామపు మొదటి క్రీడాకారిణిని గురించి నేను ఇంకా చెప్పలేదు. ఆమె పేరు వర్ధినేని ప్రణీత. విలువిద్యలో నేర్పు సంపాదించి 2008లో బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆమె పతకంతో తిరిగిరాలేదు. ఈ జిల్లాలోనే ఎంతమంది విద్యార్థులకు ఆమె పేరు తెలుసునని అడిగితే నాకు సమాధానం చెప్పడానికి సంకోచం కలుగుతుంది. దీప్తి పేరు తెలిసిన తరగతి గదులలో కూడా ప్రణీత పేరు చెప్పినప్పుడు పిల్లలు ముఖముఖాలు చూసుకోవడం నేను గమనించాను. పల్లెటూరి బడిలో విల్లు పట్టిన బాలిక ప్రపంచంలోని మేటి విలుకాండ్రతో సమానంగా నిలబడి గురి చూసింది. అది చిన్న విషయమా? డెబ్బది మీటర్ల దూరంలో ఉన్న లక్ష్యంమీద మనస్సును నిలపడానికి ఆమె ఎన్ని వేల బాణాలు వేసి ఉంటుందో ఊహించుకోండి. ఆ బాణాలను లెక్కించిన పట్టిక ఏదీ లేదు. పతకాల పట్టిక మాత్రం ఉన్నది, దానిలో ఆమె పేరు లేదు.

పతకాల పట్టికలో లేని మరొక పరుగును దేశమంతా ఎరుగును. 1984లో లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ పోటీలో పి.టి. ఉష 55.42 సెకన్లలో గీత దాటి నాలుగవ స్థానం పొందింది. మూడవ స్థానం పొందిన రుమేనియా యువతికి పట్టిన కాలం 55.41 సెకన్లు. సెకనులో నూరవ వంతు! రెప్పపాటు అనడానికి కూడా వీలులేనంత స్వల్పకాలం. నాటినుండి నేటివరకు మనం ఆ పరుగును తలచుకొన్నప్పుడల్లా నిట్టూరుస్తూనే ఉన్నాం. కాని ఆ 55.42 సెకన్ల కాలాన్ని భారతదేశంలో ఏ మహిళా ముప్పై తొమ్మిదేళ్లపాటు అందుకోలేకపోయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో తమిళనాడుకు చెందిన విత్యా రామ్‌రాజ్ సరిగ్గా అంతే కాలంలో పరుగెత్తి ఆ రికార్డును సమం చేసింది. నూరవ వంతు సెకనును పట్టుకొని నిట్టూర్చిన మనం ముప్పై తొమ్మిదేళ్లు నిలిచిన పరుగును చూసి గర్వించడం మరిచిపోయాం.

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన అభ్యంతరం ఉన్నది. దానిని దాటవేసి ముందుకు పోవడం న్యాయం కాదు. ఒక సభలో నేను ఇటువంటి మాటలే చెప్పినప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక తండ్రి లేచి నిలబడి, "సార్, మీరు చెప్పేది మంచిగనే ఉన్నది. కని మా పిల్ల గెలువకపోతె సర్టిఫికెటు రాదు. సర్టిఫికెటు లేకపోతె కోటాల సీటు రాదు, నౌకరి రాదు. ఆనందం ఉన్నోళ్లకు సార్, మాకు గెలుపే గావాలె" అన్నాడు. నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. పారిస్ నుండి పతకంతో వచ్చిన దీప్తికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూపు-2 స్థాయి ఉద్యోగం, వరంగల్లులో 500 చదరపు గజాల స్థలం ప్రకటించింది. ఆమె శిక్షకునికి పది లక్షల రూపాయలు ప్రకటించింది. అది ఎంతో సముచితమైన సత్కారం. కాని అదే పరుగు పరుగెత్తి, పక్క వరుసలో మరొక వేగవంతురాలు ఉన్న కారణంగా ఆమె నాలుగవ స్థానంలో వచ్చి ఉంటే? ఆమె శ్రమ ఒక్క రవ్వంతైనా తక్కువయ్యేది కాదు. సత్కారం మాత్రం ఆ స్థాయిలో ఉండేదని ఎవరూ చెప్పలేరు. పేదవాని బిడ్డకు గెలుపు అలంకారం కాదు, అన్నం. కడుపు నిండినవాడు "గెలుపోటములు సమానం" అని ఉపదేశించినప్పుడు ఆకలిగొన్నవాడికి కోపం రావడం సహజం.

ఆ తండ్రి మాటను తరువాత చాలాసార్లు తలచుకొన్నాను. ఆయన చెప్పినది గెలుపు గొప్పదని కాదు. గెలుపు తప్ప మరి దేనికీ మనం విలువ కట్టడం లేదని ఆయన చెప్పాడు. ఆ తప్పు పిల్లది కాదు, ఆటది కాదు, విలువ కట్టేవారిది. క్రీడాకోటాలో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి స్థానాలనే లెక్కించే పద్ధతికి కారణం ఉన్నది. స్థానాన్ని ధ్రువపత్రంలో రాయవచ్చు, పరిశీలించవచ్చు, దానిమీద తగవు తక్కువ. శ్రమను ఏ అధికారి ముద్ర వేసి ధ్రువీకరించగలడు? కాబట్టి ప్రభుత్వోద్యోగానికి స్థానమే ఆధారమైతే నేను కాదనను. కాని ఏడవ తరగతి పిల్లవాడి క్రీడోత్సవంలో ఉద్యోగ నియామకాలు జరగడం లేదు కదా! అక్కడ కూడా అదే కొలమానాన్ని వాడటమే నాకు అభ్యంతరం. పైగా దీప్తివంటివారు ముందు ఎక్కడ బయటపడతారు? ఇటువంటి చిన్న మైదానాలలోనే. ఆమెను మొదట గమనించిన ఉపాధ్యాయుడు ఆమె మెడలోని పతకాన్ని చూడలేదు, కాళ్లలోని పరుగును చూశాడు.

పిల్లలను త్వరగా గెలిచినవారుగా, ఓడినవారుగా విడదీయడం మంచిది కాదని ఒక దేశం నియమమే చేసుకొన్నది. నార్వే దేశపు క్రీడాసమాఖ్య 1987లో బాలల క్రీడలకు నియమాలు ఏర్పరచి 2007లో వాటిని సవరించింది. వాటి ప్రకారం పదకొండేళ్లలోపు పిల్లల పోటీలలో స్థానాల పట్టికలు ప్రకటించరు. పదమూడేళ్లు రానివారికి జాతీయ స్థాయి ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. ఏ ఆట ఆడాలో, ఎంత ఆడాలో నిర్ణయించుకోవడంలో పిల్లవాడి మాటకు విలువ ఇవ్వాలి. ఇది చదివి 'అటువంటి దేశం ఏం గెలుస్తుంది' అని ఎవరైనా అనవచ్చు. సుమారు యాభై ఐదు లక్షల జనాభా గల ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో పదహారు స్వర్ణాలతో ప్రపంచంలో ప్రథమస్థానంలో నిలిచింది. నార్వేలో మంచున్నది, ధనమున్నది, ఊరూరా క్రీడాసంఘాలున్నాయి. కేవలం ఈ నియమాల వల్లనే పతకాలు వచ్చాయని నేను చెప్పను. ఆనందం కోసం ఆడించిన పిల్లలు పెద్దయిన తరువాత గెలవలేరన్న భయానికి ఆధారం లేదని మాత్రం చెప్పగలను.

గెలుపు ఒక్కటే మిగిలినప్పుడు ఏమవుతుందో చూడటానికి విదేశాలకు పోనక్కరలేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్రస్థాయి అథ్లెటిక్స్ పోటీలలో పురుషుల 100 మీటర్ల తుదిపోటీకి ఒకే ఒక్కడు గీత దగ్గరకు వచ్చాడు. మిగిలినవారు రాలేదు. డోపింగ్ పరీక్షాధికారులు మైదానానికి వచ్చారన్న వార్త తెలియడమే కారణమని పత్రికలు రాశాయి. వంద మీటర్ల పందెంలో ఒంటరిగా పరుగెత్తిన ఆ దృశ్యం నవ్వు పుట్టించేదే గాని, నవ్వి ఊరుకోదగినది కాదు. 2023వ సంవత్సరానికి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ప్రకటించిన లెక్కలలో, ఎక్కువ పరీక్షలు జరిపే దేశాలన్నింటిలో నిషిద్ధ పదార్థాలు బయటపడిన నమూనాల శాతం భారతదేశంలోనే అధికం - 3.8 శాతం. వయస్సు తగ్గించి చూపే ధ్రువపత్రాల సంగతి వ్యాయామోపాధ్యాయులను అడిగితే వారే చెబుతారు. ఆనందం కోసం ఆడేవాడికి సూదిమందుతో పనిలేదు. నిన్నటి తన కాలాన్ని తానే దాటదలచినవాడికి దొంగ వయస్సు ఏ విధంగానూ ఉపకరించదు. తనను తాను ఎవడు మోసగించుకొంటాడు?

అయితే మరొక తీరు కూడా నాకు నచ్చదు. ఈమధ్య కొన్ని పాఠశాలలలో పిల్లలు నొచ్చుకొంటారని పాల్గొన్న అందరికీ ఒకే రకమైన పతకాలు మెడలో వేస్తున్నారు. ప్రాణం పెట్టి పరుగెత్తినవాడికీ, సగం దూరంలో ఆగి స్నేహితులతో కబుర్లాడినవాడికీ అదే పతకం. పిల్లలు అమాయకులే గాని తెలివితక్కువవారు కారు. ఆ పతకం విలువ ఎంతో ఇంటికి పోకముందే వారికి తెలిసిపోతుంది. శ్రమను గౌరవించడమంటే శ్రమపడనివారిని కూడా గౌరవించడం కాదు. గెలుపును కొలిచినంత శ్రద్ధతో శ్రమను కొలవాలి. అది కష్టమైన పని. అందరికీ పతకం పంచిపెట్టడం సులభమైన పని. అందుకే మనం దానిని ఎంచుకొంటున్నాం.

ఆనందాన్ని గూర్చి కూడా ఒక అపోహ ఉన్నది. ఆనందం కోసం ఆడటమంటే ఒళ్లు వంచకుండా ఆడటమని చాలామంది భావిస్తారు. చెరువులో ఈత నేర్చుకొన్న పల్లెటూరి పిల్లవాడిని అడగండి. మొదటిసారి మునిగి, నీళ్లు మింగి, భయపడి, మరునాడు మళ్లీ వచ్చి, చివరకు ఒకనాడు అవతలి గట్టును తాకినప్పుడు అతనికి కలిగిన ఆనందం అంతటి కష్టంలోనుండి పుట్టినదే. అతనికి ఎవరూ బహుమతి ఇవ్వలేదు. గట్టుమీద చప్పట్లు కొట్టినవారు కూడా లేకపోవచ్చు. తెల్లవారుజామున హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ క్రీడామైదానానికి పోయినవారికి ఇటువంటివారు కనిపిస్తారు. పోలీసు ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువకులు ఒక వైపు, మోకాళ్ల నొప్పులతో నడిచే వృద్ధులు ఒక వైపు, చెమటలు కారుతున్నా నవ్వుకొంటూ పరుగెత్తే బాలికలు ఒక వైపు. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినది ఆ మైదానంలోనే. పంజాబుకు చెందిన హర్మిలన్ బైన్స్ 1500 మీటర్ల పరుగును 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తి చేసి, 2002 నుండి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును అధిగమించింది. ఓరుగల్లు ప్రజలు ఆ పరుగును కళ్లారా చూశారు. ఆనాటి పోటీలో హర్మిలన్ పోరాడినది పక్కనున్నవారితో మాత్రమే కాదు, పంతొమ్మిదేళ్ల నాటి ఒక కాలంతో పోరాడింది. ఆమె వెనుక వచ్చినవారిలో తమ కాలాన్ని తాము మెరుగుపరచుకొన్నవారు ఉండి ఉంటే, వారి ఇళ్లలో కూడా ఆ రాత్రి పండుగ జరిగి ఉండాలి.

ఈ పాఠం చదివే ఇంటర్మీడియట్ విద్యార్థులలో అనేకులు మైదానం లేని కళాశాలలలో చదువుతున్నారు. బహుళ అంతస్తుల భవనాలలో ఉదయం నుండి రాత్రివరకు తరగతులు, ఆదివారం పరీక్షలు. పదవ తరగతి వరకు ఆడిన పిల్లలు ఇంటర్మీడియట్‌లో అడుగుపెట్టగానే బూట్లను అటకమీద పెట్టివేస్తారు. 'నువ్వేమైనా జాతీయ స్థాయికి పోతావా? అయితే ఆడు. లేకపోతే సమయం వృథా' అనేది ఇంట్లో వినిపించే మాట. ఈ మాటలో దాగి ఉన్నది కూడా ఆ కొలమానమే. గెలవనివాడికి ఆడే అర్హత లేదట. సంగీత పోటీలో బహుమతి రాదని ఎవరైనా కూనిరాగం మానుకొంటారా? రాష్ట్రంలో మొదటి ర్యాంకు రాదని చదువు మాన్పిస్తామా? ఆట విషయంలో మాత్రమే ఈ కఠినమైన తీర్పు ఎందుకు? రోజుకు నలభై నిమిషాల ఆటకు స్థలం, సమయం ఇవ్వని కళాశాల తన విద్యార్థికి బాకీ పడినట్టే. ఆ బాకీని వసూలు చేసుకొనే నోరు పదహారేళ్ల పిల్లలకు ఉండదు, కనుక పెద్దలే అడగాలి.

పెద్ద పెద్ద మార్పులు వచ్చేవరకు వేచి ఉండవలసిన పని లేదు. క్రీడోత్సవంలో వాచీని మూడవవాడి దగ్గర ఆపకుండా చివరివాడు వచ్చేవరకు నడపవచ్చు. ప్రతి విద్యార్థికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి తన పరుగు కాలాన్ని, దూకిన దూరాన్ని రాసుకొమ్మనవచ్చు. బహుమతి ప్రదానం నాడు మూడు స్థానాలవారితో పాటు, ఆ ఏడాదిలో తనను తాను ఎక్కువగా మెరుగుపరచుకొన్న విద్యార్థి పేరును కూడా మైకులో చదవవచ్చు. దీనికి నిధులు అక్కరలేదు. ఒకప్పుడు స్టాప్‌వాచీ దొరకడం కష్టంగా ఉండేది. ఇప్పుడు ప్రతివాని జేబులోని ఫోనులోనూ అది ఉన్నది.

నేను ఈ సంగతి చెప్పినప్పుడు మా పరిచయస్థుడైన ఒక వ్యాయామోపాధ్యాయుడు మొదట నవ్వాడు. "సార్, అందరి టైము రాయాల్నంటె పొద్దు గూకుతది" అన్నాడు. అయినా ఆ సంవత్సరం ప్రయత్నించి చూశాడు. తొమ్మిదవ తరగతి పిల్లలను ఇద్దరిని పక్కన కూర్చోబెట్టి, ఒకడు కాలం చదవగా మరొకడు రాసే ఏర్పాటు చేశాడు. పోటీలు నిజంగానే పొద్దుగూకేవరకు సాగాయట. చివర వచ్చిన పిల్లలు తమ కాలాన్ని అడిగి తెలుసుకొని, పుస్తకంలో రాయించుకొన్న తరువాతనే మైదానం విడిచి వెళ్లారని ఆయన చెప్పాడు. మరునాడు బడి గంట కొట్టకముందే నలుగురైదుగురు వచ్చి, వాచీ తీసుకొని మళ్లీ ఒకసారి చూడమని ఆయనను మైదానంలోకి లాక్కొనిపోయారట.